ఒకే సర్వర్, పలు భాషలు: లొకేల్‌ను ప్రాసెస్‌కు ఇవ్వాలా, థ్రెడ్‌కు ఇవ్వాలా, ఫంక్షన్‌కు ఇవ్వాలా?

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల కోసం రాసే సర్వర్ ప్రోగ్రాములు ఒకే క్షణంలో పలువురికి పలు రూపాల్లో సమాధానం ఇవ్వవలసి వస్తుంది. గట్టు మీద ఉన్న రైతు ఫోన్‌కు నీటిలో ఆక్సిజన్ తగ్గిందన్న హెచ్చరిక తారీఖుతో, నెల పేరుతో సహా తెలుగులో వెళ్లాలి. ప్రాసెసింగ్ ప్లాంటులో లెక్కలు చూసేవారికి మొత్తం 12,34,567.50 అని లక్షల పద్ధతిలో కనిపించాలి. అదే మొత్తం జర్మనీ కొనుగోలుదారుకు పంపే ఇన్‌వాయిస్‌లో 1.234.567,50 అని, అమెరికా కొనుగోలుదారుకు పంపే దానిలో 1,234,567.50 అని అచ్చు కావాలి. ఈ పనులన్నీ ఒకే ప్రాసెస్‌లోని (నడుస్తున్న ఒక ప్రోగ్రాములోని) వేరువేరు థ్రెడ్‌లలో (దానిలో సమాంతరంగా సాగే పని ధారల్లో) ఒకేసారి జరుగుతున్నప్పుడు, ఏ భాష, ఏ ప్రాంతపు పద్ధతి అన్న సమాచారాన్ని ఎక్కడ దాచాలన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం. సీ, సీ++ భాషల్లో రాసేవారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను. మిగతా భాషల సంగతి దారిలో వస్తుంది.

భాషకు, ప్రాంతానికి సంబంధించిన ఈ అమరికల కట్టనే లొకేల్ అంటారు. అంకెల్లో దశాంశ గుర్తు, వేల విభజన, తేదీ రూపం, నెలల పేర్లు, అక్షర క్రమం, అక్షరాల వర్గీకరణ, సందేశాల భాష అన్నీ దానిలో భాగాలే. దాన్ని ఉంచడానికి మూడు చోట్లు ఉన్నాయి. మొత్తం ప్రాసెస్‌కు ఒకటే ఉంచవచ్చు. థ్రెడ్‌కు ఒకటి చొప్పున ఉంచవచ్చు. లేదా ఎక్కడా దాచకుండా, అవసరమైన ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్యుమెంట్‌గా చేతికి అందించవచ్చు. కొత్తగా రాసే కోడ్‌కు మూడోదే సరైనదని నా అభిప్రాయం. అయితే ఇప్పటికే ఉన్న లైబ్రరీలు మనల్ని రెండోదాని వైపు నెట్టే సందర్భాలు చాలా ఉంటాయి కనుక, దాని లోతుపాతులు తెలియకుండా పని జరగదు.

మొదటి పద్ధతి సెట్‌లొకేల్ ఫంక్షన్. 1989 నాటి సీ ప్రమాణం నుంచీ ఉన్నదే ఇది. ప్రతి సీ ప్రోగ్రామూ మొదట సీ అనే పేరుగల కనీస లొకేల్‌తో మొదలవుతుంది. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి సెట్‌లొకేల్‌ను పిలిస్తే, ఎల్‌సీ_ఆల్, ఆ తర్వాత ఆయా విభాగపు చలరాశి, చివరకు లాంగ్ అనే వరుసలో పరిసర చలరాశులను (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముకు అందించే అమరికలను) చూసి లొకేల్‌ను నిర్ణయిస్తుంది. ఒక పని చేసి ముగిసిపోయే కమాండ్ లైన్ పనిముట్టుకు, ఒకే భాషలో నడిచే డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు ఇది చాలు. మెయిన్ ఫంక్షన్ మొదట్లో, ఇతర థ్రెడ్‌లు పుట్టకముందు ఒక్కసారి పిలిచి, తర్వాత దాని జోలికి పోకుండా ఉంటే దానిలో ఏ దోషమూ లేదు.

చిక్కు వచ్చేది థ్రెడ్‌లు నడుస్తుండగా దాన్ని మార్చినప్పుడు. డెల్టాలో మాటగా చెప్పాలంటే, ఒక రైతు తన మడికి నీళ్లు కావాలంటే తన పొలం తూము ఎత్తుకోవాలి గాని ధవళేశ్వరం దగ్గర హెడ్ రెగ్యులేటర్ గేటు తిప్పకూడదు. సెట్‌లొకేల్ ఆ గేటు, దాన్ని తిప్పితే ఆయకట్టు మొత్తానికీ మట్టం మారుతుంది. సెట్‌లొకేల్ పిలుపు, మరో సెట్‌లొకేల్ పిలుపుతోగాని లొకేల్‌ను చదివే ఇతర ఫంక్షన్‌లతోగాని డేటా రేస్‌కు (ఒకే దత్తాంశాన్ని రెండు థ్రెడ్‌లు అదుపు లేకుండా ఒకేసారి ముట్టుకునే స్థితికి) దారితీయవచ్చని థ్రెడ్‌లను చేర్చుకున్న సీ11 ప్రమాణమే చెబుతుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ. దాని మాన్యువల్ సెట్‌లొకేల్‌ను థ్రెడ్‌ల మధ్య సురక్షితం కానిదిగా గుర్తిస్తుంది. పాఠ్యాన్ని అచ్చు వేసే ప్రింట్‌ఎఫ్ వంటివాటికి సురక్షితం అన్న గుర్తు ఇచ్చినా పక్కన లొకేల్ అన్న షరతు తగిలిస్తుంది. ఎవరూ లొకేల్‌ను మార్చనంత వరకే ఆ భద్రత అని దాని భావం. పాత విలువను దాచుకొని, కొత్తది పెట్టి, పని అయ్యాక పాతది తిరిగి పెట్టే అలవాటు చాలా కోడ్‌లలో కనిపిస్తుంది. ఒకే థ్రెడ్ ఉన్నప్పుడు అది పనిచేస్తుంది. రెండు థ్రెడ్‌లు ఆ పనే చేస్తే, ఒకటి తిరిగి పెట్టే పాతది మరొకటి తాత్కాలికంగా పెట్టిన కొత్తదే కావచ్చు, ఆపై ప్రాసెస్ ఎప్పటికీ ఆ లొకేల్‌లోనే ఉండిపోవచ్చు. పైగా సెట్‌లొకేల్ తిరిగి ఇచ్చే స్ట్రింగ్‌ను తర్వాతి పిలుపు చెరిపివేయవచ్చు కనుక, దాన్ని ముందుగా నకలు తీసుకోవాలి. ఈ సంగతిని పట్టించుకున్న కోడ్ అరుదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక్క విలువను పట్టుకొని చూద్దాం. చెరువులోని సెన్సర్ నుంచి ఆక్సిజన్ కొలత 4.8 అన్న అక్షరాలుగా సర్వర్‌కు చేరింది. 4.5 కన్నా తగ్గితే హెచ్చరిక పంపాలన్నది నియమం అనుకుందాం. ఆ అక్షరాలను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోడ్ ఫంక్షన్ నడిచే క్షణానికి మరో థ్రెడ్ ఇన్‌వాయిస్ కోసం ప్రాసెస్ లొకేల్‌ను జర్మన్‌కు మార్చి ఉంటే, దశాంశ గుర్తు కామా అయిపోతుంది, చుక్క అన్నది సంఖ్యలో చెల్లని అక్షరం అవుతుంది. ఫంక్షన్ 4 దగ్గరే ఆగి, 4.0 తిరిగి ఇచ్చి, మిగిలిన .8 వైపు పాయింటర్ చూపిస్తుంది. ఆ పాయింటర్‌ను సరిచూసే కోడ్ అయితే దోషం పట్టుబడుతుంది. అదే మార్పిడి చేసినా పాయింటర్ ఇవ్వని ఏటాఫ్ వాడిన కోడ్‌కు ఆ అవకాశమే ఉండదు. నీరు బాగానే ఉన్నా అర్ధరాత్రి హెచ్చరిక వెళ్లి, రైతు లేచి ఏరేటర్లు వేస్తాడు. ఎదురు దిశలోనూ ఇదే జరుగుతుంది: అదే క్షణంలో రాసే జేసన్‌లో (ప్రోగ్రాముల మధ్య దత్తాంశం పంపే పాఠ్య రూపంలో) 4.8 బదులు 4,8 పడితే అది చెల్లని జేసన్ అవుతుంది. గడులను కామాతో విడదీసే సీఎస్‌వీలో పడితే ఒక గడి రెండు గడులై, ఆ వరుసలోని మిగతా విలువలన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి.

ఈ లోపం మన ప్రాంతంలో రాసే కోడ్‌లలో ఎక్కువ కాలం దాగి ఉండడానికి ఒక కారణం ఉంది. తెలుగు, హిందీ, భారతీయ ఇంగ్లిష్ లొకేల్‌లు అన్నిటిలోనూ దశాంశ గుర్తు చుక్కే. అందువల్ల తెలుగు లొకేల్‌లో ఎన్ని పరీక్షలు నడిపినా ఈ తప్పు బయటపడదు. భీమవరంలో ఏడాది పొడవునా సజావుగా నడిచిన ప్రోగ్రాము, మొదటి జర్మన్ లేదా ఫ్రెంచ్ ఖాతాదారు చేరిన రోజున తప్పుతుంది. కనుక మీ వ్యాపారంలో జర్మనీ ఉన్నా లేకపోయినా, పరీక్షల్లో మాత్రం ఒక జర్మన్ లొకేల్ ఉండాలి.

ఇక రెండో పద్ధతి. యునిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమాలు పెట్టే పోసిక్స్ ప్రమాణం 2008 సంచికలో న్యూలొకేల్, డూప్‌లొకేల్, యూజ్‌లొకేల్, ఫ్రీలొకేల్ అనే నాలుగు ఫంక్షన్‌లను చేర్చింది. న్యూలొకేల్ ఒక లొకేల్ వస్తువును తయారుచేస్తుంది. యూజ్‌లొకేల్ దాన్ని ప్రస్తుత థ్రెడ్‌కు మాత్రమే తగిలించి, అంతకుముందు ఉన్నదాన్ని తిరిగి ఇస్తుంది. సున్నా ఇచ్చి పిలిస్తే దేన్నీ మార్చకుండా ప్రస్తుతం ఉన్నది ఏదో చెబుతుంది. ఒకసారి థ్రెడ్‌కు సొంత లొకేల్ తగిలాక, మరెవరో సెట్‌లొకేల్ పిలిచినా ఆ థ్రెడ్ చలించదు. కొత్తగా పుట్టే థ్రెడ్ తన తల్లి థ్రెడ్ లొకేల్‌ను వారసత్వంగా తీసుకోదు, ప్రాసెస్ లొకేల్‌తోనే మొదలవుతుంది. ఈ చివరి సంగతిని మరచి, మెయిన్ థ్రెడ్‌లో యూజ్‌లొకేల్ పిలిచి అన్ని థ్రెడ్‌లకూ వర్తిస్తుందని అనుకోవడం తరచుగా కనిపించే పొరపాటు.

న్యూలొకేల్‌లోని మూడో ఆర్గ్యుమెంట్ చాలామంది వాడనిది, కాని చాలా పనికొచ్చేది. అక్కడ ఆధారంగా మరో లొకేల్‌ను ఇచ్చి, కోరిన విభాగాలను మాత్రమే మార్చవచ్చు. తెలుగు లొకేల్‌ను ఆధారంగా తీసుకొని అంకెల విభాగాన్ని మాత్రం సీ లొకేల్‌తో భర్తీ చేస్తే, తేదీలు, నెలల పేర్లు తెలుగులో వస్తాయి, అంకెలు యంత్రాలకు అర్థమయ్యే రూపంలోనే ఉంటాయి. రైతుకు సందేశం తయారుచేస్తూ అదే థ్రెడ్‌లో డేటాబేస్‌కు విలువ కూడా రాసే కోడ్‌కు ఇది చక్కని మధ్యేమార్గం. అయితే పిలుపు విజయవంతమైతే ఆధారంగా ఇచ్చిన వస్తువును మళ్లీ ముట్టకూడదు, ఎందుకంటే లైబ్రరీ దాన్నే మార్చి ఉండవచ్చు లేదా విడుదల చేసి ఉండవచ్చు. విఫలమైతే మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంటుంది. అసలుది కూడా కావాలనుకుంటే ముందుగా డూప్‌లొకేల్‌తో నకలు తీయాలి.

ఖర్చు విషయానికి వస్తే, యూజ్‌లొకేల్ చేసేది థ్రెడ్ సొంత స్థలంలోని ఒక పాయింటర్‌ను మార్చడం వంటిదే కనుక అది చౌక. లొకేల్ దత్తాంశాన్ని వెతికి తెచ్చే న్యూలొకేల్ ఖరీదైనది. కాబట్టి సర్వర్ మొదలైనప్పుడే కావలసిన లొకేల్ వస్తువులన్నిటినీ ఒకసారి తయారుచేసి, ప్రాసెస్ ముగిసేదాకా వాటిని అలాగే ఉంచి, అన్ని థ్రెడ్‌లూ పంచుకునేలా చేయడం మేలు. ఒక థ్రెడ్‌కు తగిలి ఉన్న వస్తువును ఫ్రీలొకేల్‌తో విడుదల చేస్తే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. అసలు విడుదలే చేయకుంటే ఆ ప్రమాదమే లేదు. పట్టుమని పది లొకేల్‌లు కూడా ఉండని సర్వర్‌లో ఆ కొద్ది మెమరీ కోసం పొదుపు చేయనక్కర్లేదు.

థ్రెడ్ పద్ధతికి అసలైన బలహీనత వేరే చోట ఉంది. మన సర్వర్‌లలో ఒక కోరికకు (రిక్వెస్ట్‌కు) ఒక థ్రెడ్ పుట్టి, అది తీరగానే పోవడం ఇప్పుడు అరుదు. థ్రెడ్‌ల సమూహం ఒకటి ఉంటుంది, ఒక థ్రెడ్ వెంట వెంట వేరువేరు ఖాతాదారుల పనులు చేస్తుంది. జర్మన్ ఇన్‌వాయిస్ చేసిన థ్రెడ్, మధ్యలో దోషం వచ్చి ముందే రిటర్న్ అయి, లొకేల్‌ను తిరిగి పెట్టకపోతే, తర్వాత దాని చేతికి వచ్చిన రైతు సందేశం జర్మన్ నెల పేరుతో వెళుతుంది. సీ++లో కన్‌స్ట్రక్టర్‌లో పెట్టి డిస్ట్రక్టర్‌లో తిరిగి పెట్టే చిన్న కాపలా క్లాస్ రాసుకుంటే ఈ బెడద తీరుతుంది. సీలో అయితే బయటకు పోయే ప్రతి దారినీ ఒకే చోటికి మళ్లించి అక్కడ తిరిగి పెట్టాలి. మధ్యలో ఆగి తర్వాత కొనసాగగల ఫంక్షన్‌లైన కొరూటీన్‌ల దగ్గర మాత్రం ఆ కాపలా క్లాస్ కూడా చాలదు. కాపలా వస్తువు బతికి ఉండగా కొరూటీన్ ఆగిపోయి, మరో థ్రెడ్‌లో లేచిందంటే, పెట్టింది ఒక థ్రెడ్‌లో, తిరిగి పెట్టేది మరో థ్రెడ్‌లో అవుతుంది. ఆగే అవకాశం ఉన్న చోటికి ముందే కాపలాను ముగించాలి, లేదా ఆ కోడ్‌లో థ్రెడ్ లొకేల్‌ను పూర్తిగా వదులుకోవాలి. గో భాషలో రాసి సీ లైబ్రరీని పిలిచేవారికీ ఇదే చిక్కు: గోరూటీన్ (గో భాషలోని తేలికపాటి పని ధార) ఏ థ్రెడ్‌లో నడుస్తుందో నిలకడ ఉండదు కనుక, యూజ్‌లొకేల్ అవసరమైతే గోరూటీన్‌ను ఆ థ్రెడ్‌కు కట్టివేయాలి.

వేదికల మధ్య తేడాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. విండోస్‌లో యూజ్‌లొకేల్ లేదు. అక్కడ కన్ఫిగ్‌థ్రెడ్‌లొకేల్ అనే ఫంక్షన్‌తో ఒక థ్రెడ్‌కు సొంత లొకేల్ సదుపాయాన్ని తెరిస్తే, ఆ తర్వాత ఆ థ్రెడ్ పిలిచే సెట్‌లొకేల్ ఆ థ్రెడ్‌కే పరిమితమవుతుంది. అదే విండోస్‌లో సెట్‌థ్రెడ్‌లొకేల్ అని మరొకటి ఉంది. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఫంక్షన్‌లకు సంబంధించినది, సీ లైబ్రరీకి కాదు. ఒకటి మార్చితే రెండోది మారదు. విండోస్ 10లోని 1803 సంచిక నుంచి సెట్‌లొకేల్ యూటీఎఫ్-8ను అంగీకరిస్తుంది గనుక, అంతకు ముందటి యంత్రాల్లో తెలుగుతో పడిన తంటా ఇప్పుడు లేదు. చిన్న కంటెయినర్‌ల కోసం ఆల్పైన్ లైనక్స్ వాడేవారు అందులోని మస్ల్ అనే సీ లైబ్రరీ సంగతి తెలుసుకోవాలి: దానిలో యూజ్‌లొకేల్ ఉంది, కాని అంకెల విభాగం ఎప్పుడూ సీ రూపమే. అంటే 4.8 ఎన్నడూ చెడదు, అలాగే 12,34,567 అన్న లక్షల విభజన కూడా ఎన్నడూ రాదు. ఆండ్రాయిడ్‌లోని సీ లైబ్రరీదీ దాదాపు ఇదే తీరు. ఒకే కోడ్ డెబియన్‌లో ఒకలా, ఆల్పైన్‌లో మరోలా అచ్చు వేయడానికి చాలాసార్లు మూలం ఇక్కడే దొరుకుతుంది.

మూడో పద్ధతిలో లొకేల్ ఎక్కడా దాగదు, పిలుపులో కళ్లకు కనబడుతుంది. పోసిక్స్ 2008 చాలా ఫంక్షన్‌లకు పేరు చివర అండర్‌స్కోర్, ఎల్ తగిలించిన జోడీలను ఇచ్చింది: తేదీలకు స్ట్ర్‌ఎఫ్‌టైమ్_ఎల్, పోలికకు స్ట్ర్‌కోల్_ఎల్, అక్షర వర్గీకరణకు ఇజ్‌ఆల్ఫా_ఎల్ వంటివి. అయితే అత్యధికంగా వాడే ప్రింట్‌ఎఫ్‌కు, స్ట్ర్‌టోడ్‌కు అలాంటి జోడీని ఆ ప్రమాణం ఇవ్వలేదు. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీల్లో రెండూ సొంత చేర్పులుగా ఉన్నాయి. విండోస్‌లో ముందొక అండర్‌స్కోర్‌తో ఉన్నాయి. జీలిబ్‌సీలో స్ట్ర్‌టోడ్_ఎల్ అదనపు సదుపాయంగా ఉంది గాని ప్రింట్‌ఎఫ్_ఎల్ లేదు. అందుచేత లైనక్స్‌లో ప్రింట్‌ఎఫ్‌తో జర్మన్ అంకెలు రాయాలంటే, ఆ ఒక్క పిలుపు చుట్టూ యూజ్‌లొకేల్ పెట్టి తీయడమే దారి. థ్రెడ్ పద్ధతికి ఇంత వివరణ ఇవ్వవలసి రావడానికి ఇదే ముఖ్య కారణం.

సీ++లో పరిస్థితి కొంత మెరుగు. ప్రతి స్ట్రీమ్‌కూ (చదివే, రాసే ధారకూ) ఇంబ్యూ అనే ఫంక్షన్‌తో దాని సొంత లొకేల్ ఇవ్వవచ్చు. లొకేల్ గ్లోబల్ అన్నది మాత్రం ప్రాసెస్ మొత్తానిదే, పేరున్న లొకేల్ ఇస్తే అది సీ లైబ్రరీ సెట్‌లొకేల్‌ను కూడా కదిలిస్తుంది, కనుక దాన్ని థ్రెడ్‌ల మధ్య ముట్టకూడదు. యంత్రాల మధ్య తిరిగే అంకెలకు సీ++17లో వచ్చిన ఫ్రమ్_చార్స్, టు_చార్స్ అన్నిటికన్నా మంచివి, ఎందుకంటే అవి ఏ లొకేల్‌నూ చూడవు. సీ++20లోని ఫార్మాట్ కూడా మనం ఎల్ అన్న గుర్తు ఇస్తే తప్ప లొకేల్‌ను పట్టించుకోదు. సెన్సర్ విలువలు, జేసన్, సీఎస్‌వీ, డేటాబేస్ అనే నాలుగు చోట్లా వీటిని వాడితే, పైన చెప్పిన 4.8 కథ పుట్టనే పుట్టదు.

మనుషులు చదివే పాఠ్యానికి పూర్తి స్థాయి సదుపాయం కావాలంటే యూనికోడ్, లొకేల్ పనుల కోసం ఉన్న ఐసీయూ లైబ్రరీ వైపు వెళ్లాలి. అది లొకేల్‌ను వస్తువుగా తీసుకుంటుంది. సొంత దత్తాంశాన్ని వెంట తెచ్చుకుంటుంది కనుక డెబియన్, ఆల్పైన్, విండోస్ అన్నిటా ఒకే ఫలితం ఇస్తుంది. ఆ దత్తాంశం పదుల మెగాబైట్ల బరువు ఉండడం దానికి ఉన్న ప్రతికూలత. ఊళ్ల పేర్ల జాబితాను అక్షర క్రమంలో చూపించవలసిన చోట దాని విలువ తెలుస్తుంది. యూనికోడ్‌లో ళ అన్న అక్షరం ల తర్వాత, వ కన్నా ముందు ఉంటుంది. మన వర్ణమాలలో అది హ తర్వాత వస్తుంది. బైట్ల వారీగా పోల్చే స్ట్ర్‌కంప్‌తో అమర్చితే కాళ్ల అన్న ఊరి పేరు ముందు, కావలి తర్వాత వస్తాయి. నిఘంటువు చూసే అలవాటు ఉన్నవారు కావలిని ముందు వెతుకుతారు. ఐసీయూలో పోలిక నియమాలను మనమే రాసి ఇచ్చుకోవచ్చు.

సందేశాల అనువాదానికి గెట్‌టెక్స్ట్ వాడేవారికి ఒక హెచ్చరిక. జీలిబ్‌సీలో అది థ్రెడ్ లొకేల్‌ను గౌరవిస్తుంది. కాని లాంగ్వేజ్ అనే పరిసర చలరాశి పెట్టి ఉంటే, లొకేల్ సీ కానంతవరకు దానికే పెద్దపీట వేస్తుంది, ఆ చలరాశి ప్రాసెస్ మొత్తానికీ ఒకటే. డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌ను నడిపి చూసినప్పుడు థ్రెడ్‌లన్నీ ఒకే భాష మాట్లాడుతున్నాయంటే మొదట దాన్నే చూడాలి.

ఇతర భాషలవారికి క్లుప్తంగా: డాట్‌నెట్‌లో లొకేల్‌ను సంస్కృతి (కల్చర్) అంటారు, ఆ అమరిక థ్రెడ్‌కు ఉంటుంది, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.6 నుంచి అది అసింక్ పనుల వెంట కూడా ప్రవహిస్తుంది కనుక పైన చెప్పిన కొరూటీన్ బెడద అక్కడ తక్కువ. జావాలో డిఫాల్ట్ లొకేల్ మొత్తం వర్చువల్ మెషీన్‌కు ఒకటే. ఫార్మాట్ పిలుపులో లొకేల్‌ను స్పష్టంగా ఇవ్వడమే పద్ధతి. పైథాన్‌లోని లొకేల్ మాడ్యూల్ సీ సెట్‌లొకేల్ మీదే నిలిచి ఉంది, దాని దోషాలన్నీ దీనికీ ఉన్నాయి. పెర్ల్ 5.28 నుంచి, పోసిక్స్ 2008 సదుపాయం ఉన్న వేదికల మీద, థ్రెడ్‌ల మధ్య లొకేల్ సురక్షితం. పీహెచ్‌పీ 8.0 నుంచి దశాంశ సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చడం లొకేల్‌ను చూడదు. గో, రస్ట్‌ల ప్రామాణిక ఫార్మాటింగ్‌కు లొకేల్‌తో పనేలేదు.

ఎంపిక ఎలా చేయాలంటే, మొదట ఆ అక్షరాలను చదివేది మనిషా యంత్రమా అని అడగాలి. యంత్రమైతే లొకేల్ ప్రశ్నే రాకూడదు. ఫ్రమ్_చార్స్ వంటివి లేని పాత సీ కోడ్ అయితే, ప్రాసెస్ అంకెల విభాగాన్ని ఎప్పుడూ సీ రూపంలోనే ఉంచాలి. తెర మీది ప్రోగ్రాములు కట్టే క్యూటీ లైబ్రరీ యునిక్స్ మీద మొదలవుతూనే లొకేల్‌ను పరిసరాల నుంచి తెచ్చుకుంటుంది, జీటీకే కూడా అంతే. వాటిని వాడే ప్రోగ్రాము ఆ వెంటనే అంకెల విభాగాన్ని సీకి తిరిగి మార్చుకోవాలి. చదివేది మనిషైతే, ప్రోగ్రాములో భాష ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే మొదట్లో ఒక్క సెట్‌లొకేల్ చాలు, అంతకు మించి కట్టడం వృథా శ్రమ. పలు భాషలైతే, కోడ్ మీ చేతిలో ఉంటే ఆర్గ్యుమెంట్‌గా పంపండి. లొకేల్‌ను అడగని పాత లైబ్రరీ మధ్యలో ఉంటే ఆ పిలుపు చుట్టూ మాత్రమే, వీలైనంత ఇరుకుగా, యూజ్‌లొకేల్ పెట్టండి. కోరిక మొదలైనప్పుడు తగిలించి, చివరన తీసే వెడల్పాటి పద్ధతి చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, ఆ మధ్యలో నడిచే లాగింగ్, డేటాబేస్, జేసన్ అన్నీ ఆ లొకేల్ పాలబడతాయి కనుక దాన్ని నేను సిఫారసు చేయను.

ఏది ఎంచుకున్నా, న్యూలొకేల్ తిరిగి ఇచ్చే విలువను తప్పక సరిచూడాలి. డెబియన్ కనీస కంటెయినర్‌లో సీ, పోసిక్స్, సీ యూటీఎఫ్-8 తప్ప మరే లొకేలూ ఉండదు. లొకేల్స్ ప్యాకేజీ వేసి, లొకేల్ జెన్ ఫైల్‌లో తెలుగు వరుసను తెరిచి, లొకేల్-జెన్ నడిపితే గాని తెలుగు రాదు. ఆ పని చేయని కంటెయినర్‌లో న్యూలొకేల్ సున్నా ఇస్తుంది, ఆ సున్నాను అలాగే యూజ్‌లొకేల్‌కు ఇస్తే అది దోషం చెప్పదు, ప్రస్తుతం ఉన్నది ఏదో చెప్పి ఊరుకుంటుంది. థ్రెడ్ పాత లొకేల్‌లోనే సాగిపోతుంది, రైతుకు సందేశం ఇంగ్లిష్ నెల పేరుతో చేరుతుంది, లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు. సర్వర్ మొదలవుతూనే కావలసిన లొకేల్‌లన్నిటినీ తయారుచేసి, ఒక్కటి దొరకకపోయినా అక్కడే ఆగిపోయేలా రాస్తే, ఆ లోపం విడుదల రోజునే బయటపడుతుంది.